నెలలు గడిచినా తగ్గని విరేచనాలు: కారణం తేలేలోపు ఏ పథ్యం మేలు?

విరేచనాలు నాలుగు వారాలు దాటినా కుదుటపడకపోతే వైద్యులు వాటిని దీర్ఘకాలిక విరేచనాలు అంటారు. బయట తిన్నది పడక రెండు రోజులు బాధపడి కోలుకోవడం వేరు, ఇది వేరు. దీని వెనక ఏముందో పైకి చూసి చెప్పలేం. ఐబీఎస్ (పేగులో పుండు, వాపు కనిపించకపోయినా దాని పనితీరు గాడి తప్పడం) కావచ్చు, పాలు అరగకపోవడం కావచ్చు, జియార్డియా లాంటి పరాన్నజీవి కావచ్చు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తూ ఉండవచ్చు. వాడుతున్న మందుల వల్ల కూడా కావచ్చు. పేగు వాపు జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్, పేగు క్షయ, గోధుమ పడని సీలియాక్, క్లోమం జబ్బు, కొందరిలో పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతాయి.

డాక్టరును కలవడం, మలపరీక్ష, రక్తపరీక్షలు, అవసరమైతే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం), ఆ రిపోర్టులు రావడం, అన్నీ కలిపి వారాలు పడుతుంది. ఆ వారాల్లోనూ పూటపూటా ఏదో ఒకటి తినాలి కదా. అత్తగారు గంజి తాగమంటారు, పక్కింటివాళ్లు పాలు మానేయమంటారు, ఫోన్‌లో వీడియో గోధుమలే విషమంటుంది. చాలామంది భయంతో ఇవన్నీ ఒకేసారి పాటిస్తారు. నెల తిరిగేసరికి బరువు తగ్గుతారు, నీరసపడతారు, ఏది మానితే మేలు చేసిందో మాత్రం చెప్పలేకపోతారు.

అందుకే కారణం తేలేలోపు ఏ పథ్యాన్నయినా రెండు ప్రశ్నలతో తూచాలని నేనంటాను. ఒంట్లో నీరు, బలం నిలుపుతుందా? రేపు చేయబోయే పరీక్షను పాడుచేయకుండా ఉంటుందా? లక్షణాలు కాస్త తగ్గుతాయా అన్నది వీటి తర్వాతే.

పథ్యం కన్నా ముందు డాక్టరు

మలంలో రక్తం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి రావడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ లేదా పేగు వాపు జబ్బు ఉండటం, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలవడం. వీటిలో ఒక్కటున్నా పథ్యంతో ప్రయోగాలు వద్దు, ఈ వారంలోనే డాక్టరును కలవండి. ముఖ్యంగా నిద్రలోంచి లేపే విరేచనాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఐబీఎస్‌లో సాధారణంగా అలా జరగదు కాబట్టి ఆ ఒక్క విషయం డాక్టరుకు ఎంతో చెబుతుంది. మూత్రం బాగా తగ్గినా, లేస్తే కళ్లు తిరుగుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ రాస్తున్నది పెద్దవాళ్ల కోసం. పిల్లల్లో రెండు వారాలు దాటిన విరేచనాలకు ఇంటి ప్రయోగాలు చేయకూడదు. చంటిపిల్లలకు తల్లిపాలు మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపకండి.

ఏం తాగాలి: ఓఆర్ఎస్సా, కొబ్బరినీళ్లా, మజ్జిగా?

నీళ్లలా పోతున్న రోజుల్లో ఓఆర్ఎస్‌కు సాటి ఏదీ లేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. గ్లూకోజ్ తోడుంటేనే పేగు ఉప్పునూ, దాని వెంట నీటినీ బాగా లాక్కుంటుంది. ఆ పాళ్లు కుదరడమే దాని బలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. వీటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ కూడా.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని, చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ కలిపిన తియ్యటి పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. చక్కెర మితిమీరితే పేగులోకి నీటిని లాగి విరేచనాన్ని ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాలు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిందని రాసి ఉందో లేదో చూడండి. పొడి ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకుంటే ఆ పాళ్లు చెడిపోతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలుపుకోవచ్చు.

కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. విరేచనంలో ఎక్కువగా పోయేది సోడియమే. కాబట్టి రోజుకొక బొండాం మంచిదే, ఓఆర్ఎస్‌కు బదులు మాత్రం కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ పొటాషియమే ప్రమాదం, వాళ్లు డాక్టరును అడగాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఉప్పేసిన గంజి, పప్పు కట్టు, చారు ఓ మోస్తరు రోజులకు చక్కగా సరిపోతాయి. రోజుకు రెండు మూడుసార్లే వెళ్తూ ఆకలి బాగున్నవాళ్లకు ఓఆర్ఎస్ అక్కర్లేదు, ఇవే చాలు. గ్లూకోజ్ పొడి, కూల్‌డ్రింకులు, పండ్లరసాలు ఈ లెక్కలోకి రావు.

షుగర్ ఉన్నవాళ్లు ఓఆర్ఎస్ అంటే భయపడతారు. అందులో ఉండే కొద్దిపాటి గ్లూకోజ్ కంటే ఒంట్లో నీరు పోవడం ఎక్కువ ప్రమాదం. అయితే బాగా నీరు పోయినప్పుడు కొన్ని షుగర్, బీపీ మందులు కొద్దిరోజులు ఆపాల్సి రావచ్చు. ఆ నిర్ణయం డాక్టరుకు ఫోన్ చేసి తీసుకోండి.

గంజి, పెరుగన్నం: ఎన్నాళ్లు?

మన పథ్యంలో మంచితనం చాలా ఉంది. మెత్తగా వండిన బియ్యం దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే అరిగిపోతుంది, పెద్దపేగులో గ్యాస్‌గా మారేది తక్కువ. పెరుగులో సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత ముందే తినేసి ఉంటాయి. ఉడికించిన అరటికాయకు పరిశోధన దన్ను కూడా ఉంది: విడవని విరేచనాలున్న పిల్లలకు బియ్యపు ఆహారంలో పచ్చి అరటికాయ కలిపి పెడితే విరేచనం తగ్గిందని ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రం వాళ్లు 2001లో చూపించారు. అరటికాయను నూనెలో వేపుడు చేసి కాదు, ఉడికించి మెదిపి అన్నంలో కలుపుకోవాలి. సగ్గుబియ్యం జావ కడుపుకు తేలికే కానీ ఉన్నదంతా పిండిపదార్థమే, మాంసకృత్తులు దాదాపు ఉండవు.

లోపం ఎక్కడంటే, ఇది రెండు మూడు రోజుల జబ్బు కోసం పుట్టిన పథ్యం. అమెరికాలోనూ ఒకప్పుడు అరటిపండు, అన్నం, ఆపిల్ గుజ్జు, బ్రెడ్ టోస్టు మాత్రమే పెట్టేవాళ్లు. మాంసకృత్తులు, కొవ్వు మరీ తక్కువని అక్కడి పిల్లల వైద్యులే దాన్ని పక్కన పెట్టారు. ఆరు వారాలు గంజీ పెరుగన్నంతో గడిపిన మనిషి బరువు తగ్గితే, అది జబ్బు వల్లా, తిండి వల్లా అన్నది డాక్టరుకు తేలదు. బరువు తగ్గడమన్నది పెద్ద జబ్బులకు గుర్తు కాబట్టి ఆ అయోమయం చిన్నది కాదు. తిండి చాలక వచ్చిన నీరసం వేరే, కోలుకోవడాన్నీ ఆలస్యం చేస్తుంది.

కాబట్టి గంజిని విరేచనాలు ఉధృతంగా ఉన్న రోజులకు దాచుకోండి. మిగతా రోజుల్లో పథ్యం కాస్త వెడల్పుగా ఉండాలి. ఇడ్లీ, మెత్తటి అన్నం, పల్చటి పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, క్యారెట్ బాగా ఉడికించిన కూరలు, ఉడికించిన గుడ్డు, నూనె తక్కువ వేసిన చేప లేదా కోడి, పెరుగు, అరటిపండు. మాంసాహారం తినేవాళ్లు విరేచనాలనగానే గుడ్డు, చేప మానేస్తారు. మానాల్సింది వేపుడు, మసాలా, పైన తేలే నూనె. గుడ్డూ చేపా తేలిగ్గానే అరుగుతాయి, ఈ సమయంలో వాటి అవసరమే ఎక్కువ. మూడు పెద్ద భోజనాలు ఐదు చిన్న భోజనాలుగా మారితే పేగుకు సుఖం. పచ్చికారం, ఆవకాయ, పరగడుపున గట్టి కాఫీ, మద్యం తగ్గించడంలో ఎవరికీ నష్టం లేదు, ఏ పరీక్షా చెడదు.

చద్దన్నం మీద మనకు ప్రేమ ఎక్కువే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తినండి. మన ఎండల్లో రాత్రంతా బయట ఉన్న అన్నంలో ఏ సూక్ష్మజీవి పెరిగిందో తెలియదు, ఇప్పటికే పుండుగా ఉన్న పేగు మీద ఆ ప్రయోగం వద్దు. ఈ కొద్దికాలం అన్నం వేడివేడిగా వండుకున్నదే మంచిది.

పాలు మానడం: చేసి చూడదగ్గ ప్రయోగం

తిండిలో ఏదో ఒకటి మార్చి చూడాలని ఉంటే నేను మొదట చెప్పేది పాలు. పాలచక్కెరను అరిగించే శక్తి పెద్దయ్యాక తగ్గిపోవడం ఉత్తరాదివాళ్లలో కంటే దక్షిణాదివాళ్లలో ఎక్కువ. పైగా ఏదైనా ఇన్ఫెక్షన్ తర్వాత పేగు పొర దెబ్బతిని, అంతకుముందు పాలు పడినవాళ్లకు కూడా కొన్ని వారాలు పడకపోవచ్చు. మానినందువల్ల మిగతా పరీక్షలేవీ పాడవవు. ఖర్చు లేదు. రెండు వారాల్లో ఏదో ఒకటి తేలిపోతుంది.

రెండు వారాల పాటు పాలు, పాలపొడి కలిపిన హెల్త్ డ్రింకులు, ఐస్‌క్రీం, కోవా, పాల పాయసం ఆపండి. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, వాటిని ఉంచుకోండి. నెయ్యిలో పాలచక్కెర దాదాపు ఉండదు. కాఫీలో రెండు చెంచాల పాలకు కూడా భయపడనక్కర్లేదు, ఈ ఇబ్బంది ఉన్నవాళ్లలో చాలామంది భోజనంతో పాటు గ్లాసెడు పాలు కూడా తట్టుకోగలరు. ఈ రెండు వారాల్లో మార్పు లేకపోతే పాలు మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకొచ్చిన గొడవ అని ఏళ్ల తరబడి మానుకోవద్దు. మార్పు కనిపిస్తే మాత్రం కాల్షియం కోసం రాగి, నువ్వులు, ముళ్లతో తినే చిన్న చేపలు పెంచుకోవాలి. అప్పుడు కూడా డాక్టరు అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోకండి: పాలు పడకపోవడం వెనక పేగు పొరను దెబ్బతీసిన మరో జబ్బు దాగి ఉండవచ్చు.

గోధుమ మానడం: పరీక్ష అయ్యేదాకా వద్దు

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకున్నా ఈ వ్యాసం చదివిన ప్రయోజనం దక్కినట్టే. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తి వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బును రక్తంలోని యాంటీబాడీలతో, తర్వాత ఎండోస్కోపీలో తీసిన పేగు ముక్కతో పట్టుకుంటారు. గ్లూటెన్ తింటున్నంతకాలమే ఆ యాంటీబాడీలు ఉంటాయి. మానేసి వారాలు గడిచాక పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. అప్పుడు మళ్లీ ఆరు వారాల పాటు రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గోధుమ తిని, ఆ బాధంతా పడి, పరీక్షకు వెళ్లాలి. సీలియాక్ అయితే జీవితాంతం కచ్చితంగా గోధుమ మానాలి, కాకపోతే అసలు మానక్కర్లేదు. పరీక్షలో తేలకపోతే రెండింటికీ మధ్య ఊగిసలాట ఏళ్ల తరబడి సాగుతుంది.

సీలియాక్ ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో బాగా తక్కువ. బియ్యం తినే మనకెందుకు ఈ గొడవ అనుకోవచ్చు. అయితే షుగర్ వచ్చాక రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు ఇప్పుడు ఎన్నో. అలా మారిన తర్వాతే విరేచనాలు మొదలైతే ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇంకోవైపు, మన వంటింట్లో గోధుమ తెలియకుండా చాలా ఉంటుంది. ఉప్మా రవ్వ గోధుమే, సేమియా గోధుమే, మైసూరు బజ్జీలో మైదా గోధుమే, చాలా బ్రాండ్ల ఇంగువ పొడిలోనూ గోధుమపిండి కలుపుతారు. చపాతీ ఒక్కటి మాని, గోధుమ మానేశాను, తేడా లేదు అని చెప్పేవాళ్ల మాటలో నిలబడేది ఏమీ ఉండదు.

ఇప్పటికే మానేసి ఉంటే కంగారు పడకండి. ఎప్పుడు మానారో తేదీ రాసి పెట్టుకుని, రక్తం ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పండి.

ఫాడ్‌మ్యాప్ పథ్యం

మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం 2005 నుంచి అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. పేగులో సరిగా ఇంకక నీటిని లాగి, గ్యాస్‌గా మారే కొన్ని రకాల చక్కెరలను రెండు నుంచి ఆరు వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకుంటూ ఏది పడదో కనిపెడతారు. ఐబీఎస్ అని తేలినవాళ్లలో చాలామందికి ఇది బాగా పనిచేస్తుంది.

తేలకముందు మాత్రం నేను సిఫారసు చేయను. ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, శనగలు, గోధుమ, కాలీఫ్లవర్, మామిడి, సీతాఫలం, పుచ్చకాయ, ఆపిల్, తేనె, పాలు అన్నీ ఒకేసారి పోతాయి. శాకాహార ఇంట్లో పప్పు పోతే మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి? గోధుమ కూడా పోతుంది కాబట్టి సీలియాక్ పరీక్షా దెబ్బతింటుంది. పేగు వాపు ఉన్నవాళ్లకు కూడా గ్యాస్ తగ్గి కాస్త హాయిగా అనిపిస్తుంది, లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది.

అందులోంచి చిన్న ముక్క తీసుకోవడంలో తప్పులేదు. పచ్చి ఉల్లిపాయ ఆపండి. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి తీసేస్తే రుచి నూనెలో మిగులుతుంది, ఇబ్బంది పెట్టే చక్కెర నూనెలో కరగదు. కందిపప్పు బదులు కొద్దిగా పెసరపప్పు వాడండి. షుగర్ లేని చాక్లెట్లు, బిస్కెట్లు, చూయింగ్ గమ్ పూర్తిగా మానేయండి. వాటిలో చక్కెరకు బదులు సార్బిటాల్, మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు ఉంటాయి, అవి ఆరోగ్యవంతులకే విరేచనాలు తెప్పించగలవు. షుగర్ ఉన్నవాళ్లు ఇవి నిశ్చింతగా తింటూ ఉంటారు.

పీచు, ఇసబ్‌గోల్, మెంతులు

పీచంతా ఒకటి కాదు. గోంగూర, తోటకూర, ముడిధాన్యాలు, పచ్చి కూరముక్కల్లోని గరుకు పీచు పేగును తొందరపెడుతుంది. ఇసబ్‌గోల్ లాంటి జిగురు పీచు నీటిని పట్టుకుని మలాన్ని చిక్కబరుస్తుంది. మలబద్ధకానికి వాడేదే విరేచనానికీ పనికొస్తుందంటే చాలామంది నమ్మరు. రోజుకు ఒక టీ చెంచాతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, మాత్రలకు రెండు గంటల ఎడం ఉంచాలి. మెలిపెట్టే నొప్పితో కడుపు ఉబ్బి, వాంతులు వచ్చేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే అక్కడ అడ్డుపడుతుంది. పేగు క్షయలో, క్రోన్స్‌లో అలా సన్నబడుతుంది.

పెరుగులో మెంతులు మింగడం కొందరికి ఉపశమనమిస్తుంది, కొందరికి గ్యాస్ పెంచుతుంది. పడితే తీసుకోండి, వైద్యం అనుకోవద్దు. ఖరీదైన ప్రోబయోటిక్ క్యాప్సూళ్ల మీద కారణం తెలియకుండా డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

తిండిని నిందించే ముందు మందుల డబ్బా చూడండి

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ విరేచనాలకు బాగా తెలిసిన కారణం. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లలోనూ కొత్తగా మొదలవ్వచ్చు. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు, మోతాదు ఎక్కువైన థైరాయిడ్ మాత్ర, ఈమధ్య వాడిన యాంటీబయాటిక్, రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర కూడా కారణం కావచ్చు. పిత్తాశయం తీసేశాక కొందరికి కొవ్వు తిన్నప్పుడల్లా వెళ్లాల్సి వస్తుంది, దానికి మందు ఉంది. మందులను మీ అంతట మీరు ఆపకండి, డబ్బాలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. జ్వరం, రక్తం ఉన్నప్పుడు విరేచనం ఆపే మాత్రలు కొనుక్కుని వేసుకోవద్దు.

మీది ఏ పరిస్థితి?

పాలు, కాఫీ బాగా తాగే మనిషి, బరువు తగ్గలేదు, పగటిపూటే ఇబ్బంది, పొట్ట ఉబ్బరం. ఇలాంటివాళ్లు వెడల్పాటి పథ్యంతో పాటు రెండు వారాలు పాలు ఆపి చూడొచ్చు. ఫలితం లేకపోతే ఇసబ్‌గోల్ చేర్చొచ్చు, పాల ప్రయోగం ముగిశాకే.

మలం జిడ్డుగా, తేలుతూ, నీళ్లు పోసినా వదలకుండా అంటుకుంటూ, బరువు తగ్గుతుంటే కొవ్వు అరగడం లేదన్నమాట, క్లోమాన్ని చూడాలి. నూనె పూర్తిగా మానేస్తే ఆ గుర్తు కనిపించకుండా పోతుంది. మామూలుగా తింటూ త్వరగా డాక్టరును కలవండి.

ముసలివాళ్లు, గర్భిణులు, షుగర్ లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఏ ఆహారాన్నీ మాని చూసే ప్రయోగం సొంతంగా చేయకూడదు. వాళ్లకు ఓఆర్ఎస్, వెడల్పాటి పథ్యం, త్వరగా డాక్టరు.

ఎవరైనా సరే ఒకసారి ఒక్క మార్పే చేయండి, రోజూ నాలుగు విషయాలు రాయండి: ఏం తిన్నారు, ఎన్నిసార్లు వెళ్లారు, మలం ఎలా ఉంది, రాత్రి లేవాల్సి వచ్చిందా. వారానికోసారి అదే తూకం మీద, ఉదయం ఏమీ తినకముందు బరువు చూసుకోండి. రెండు వారాలు రాసిన కాగితం, మందుల సంచి, గోధుమా పాలూ ఎప్పుడు మానారో ఎప్పుడు మొదలుపెట్టారో తేదీలు, ఇవి చేతిలో ఉంటే మొదటి సంప్రదింపులోనే ఏ పరీక్ష ముందు చేయాలో డాక్టరు తేల్చుకోగలుగుతారు.